బుడిపె నుంచి గాజు పలక దాకా

పెద్దపేగు లోపల ఏముందో చూడాలంటే ముందు అది ఖాళీ కావాలి. అందుకే ఈ పని ఆసుపత్రిలో కాదు, రెండు రోజుల ముందు ఇంటి వంటగదిలో మొదలవుతుంది. గోంగూర, తోటకూర, టమాటా, జామకాయ, నువ్వులు, పల్లీలు మానేయాలి. పీచూ గింజలూ పేగు గోడకు అతుక్కుంటే వాటి వెనక ఏముందో కెమెరాకు కనిపించదు. ఇడ్లీ, మెత్తటి తెల్లన్నం, పెరుగు ఫరవాలేదు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి అన్నీ తేట పదార్థాలే: కొబ్బరినీళ్లు, వడకట్టిన పప్పుకట్టు, పాలు కలపని టీ. దానిమ్మ రసం, బీట్‌రూట్ రసం మాత్రం వద్దు. లోపల ఆ ఎరుపు నెత్తురని పొరబడే ప్రమాదం ఉంది.

సాయంత్రం పొడి కలుపుతారు. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే ఈ పొడి ప్యాకెట్ మూడు నాలుగు వందల రూపాయలు. రెండు లీటర్ల నీళ్లలో కలిపి సగం రాత్రికి, మిగతా సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తెల్లవారుజామున తాగాలి. ఈ పొడి ఒంటికి పట్టదు. తనతో పాటు నీటిని పేగులోనే పట్టి ఉంచి, ఉన్నదంతా కడిగేసుకుంటూ బయటికి పోతుంది. రుచి ఉప్పగా, జిడ్డుగా ఉంటుంది. చల్లబరిచి, కాస్త నిమ్మరసం పిండుకుంటే గొంతు దిగుతుంది. విరేచనం లేత పసుపు నీళ్లలా, అడుగు కనిపించేంత తేటగా వస్తే పేగు సిద్ధమైనట్టు. రోగి చేతుల్లో ఉన్న పని ఇదొక్కటే. ఇది సరిగ్గా జరగకపోతే ఆ తర్వాత ఎంత నేర్పరి డాక్టరున్నా ఏం లాభం లేదు.

ఇక్కడ మనం వెంబడిస్తున్న బుడిపె విజయవాడలో నలభై ఏడేళ్ల బడి పంతులుది. ఆయనకు నొప్పి లేదు, నెత్తురు పడటం లేదు, బరువు తగ్గలేదు. వాళ్ల అన్నయ్య పెద్దపేగు కేన్సర్ నుంచి బతికి బయటపడ్డ మనిషి కావడమే ఆయన ఈ పరీక్షకు రావడానికి కారణం. అన్నయ్యకు యాభై రెండో ఏట విరేచనంలో నెత్తురు పడితే మొలలనుకున్నాడు. మన ఊళ్లలో అందరం మొదట అనుకునేది అదే. ఏడాది పాటు పొడులూ లేహ్యాలూ వాడాడు. ఆపరేషనూ ఆర్నెల్ల కీమోథెరపీ అయ్యాక డాక్టరు తమ్ముణ్ణీ చెల్లెల్నీ కూడా పిలిచి ఒక లెక్క చెప్పారు: తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి వచ్చి ఉంటే నలభయ్యో ఏట, లేదా వాళ్లకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. తమ్ముడికి అప్పటికే నలభై ఒకటి. ఆరేళ్లు వాయిదా వేశాడు. "ఈసారి నేనే తీసుకొచ్చి కూర్చోబెట్టాను. రానంటే బడికే వెళ్లి లాక్కొచ్చేవాణ్ణి" అంటాడు అన్నయ్య, హాల్లో తమ్ముడి చెప్పులు పక్కన పెట్టుకుని.

ఉదయం పదిన్నరకు పంతుల్ని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. మోకాళ్లు కడుపులోకి. మత్తు డాక్టరు చేతి నరంలోకి ప్రొపొఫాల్ ఎక్కిస్తారు, నిమిషంలో నిద్ర పడుతుంది. కొలనోస్కోప్ అంటే వేలి మందం, ఒకటిన్నర మీటరు పైన పొడవున్న నల్లటి గొట్టం. కొసన దీపం, కెమెరా, పనిముట్లు దూర్చే ఒక సన్నటి దారి. పెద్దపేగు కూడా దాదాపు ఒకటిన్నర మీటరే. వంపు వచ్చిన చోటల్లా డాక్టరు తోయడం ఆపి, కొంచెం వెనక్కి లాగి, పేగును గొట్టం మీదికి మడతలుగా తెచ్చుకుని మళ్లీ ముందుకెళతారు. నర్సు అరచేత్తో పొట్ట మీద నొక్కి పట్టి సాయం చేస్తుంది. అపెండిక్స్ నోరు తెర మీద కనిపిస్తే చివరిదాకా చేరినట్టు.

అసలు చూపంతా వెనక్కి వచ్చేటప్పుడే. ఇక్కడ గడియారం పెడతారు. బుడిపెలు తీయడానికి పట్టే సమయం కాక, వెనక్కి రావడానికి కనీసం ఆరు నిమిషాలు తీసుకోవాలన్నది ఈ వృత్తి తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. తొందరపడితే మడత చాటునున్న బుడిపె తప్పించుకుంటుంది. డాక్టరు ప్రతి మడతనూ గొట్టం కొసతో పక్కకు నొక్కి, దాని వెనక చూసి, నీళ్లు చిమ్మి కడిగి, పీల్చి ముందుకు సాగుతారు. పంతులుకు రెండు దొరుకుతాయి. కుడివైపు పేగులో 8 మిల్లీమీటర్ల చదునైన బుడిపె ఒకటి, ఎడమవైపు కింద 14 మిల్లీమీటర్ల, కాడ ఉన్న బుడిపె ఇంకొకటి. వీటినే పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ కేన్సర్ కావు. పెద్దపేగు కేన్సర్లలో ఎక్కువ భాగం మాత్రం ఇలాంటి వాటి నుంచే, చాలాసార్లు పదేళ్ల పైన పట్టే నడకతో పుడతాయి. ఆ పదేళ్ల వ్యవధి ఉంది కాబట్టే ముందస్తు పరీక్షకు అర్థం ఉంది.

తీయడానికి స్నేర్ వాడతారు. అది సన్నటి ఉక్కు తీగ ఉచ్చు. చిన్నదాన్ని దాని చుట్టూ రవ్వంత మంచి పొరతో సహా బిగించి, కరెంటు లేకుండానే తెగ్గోస్తారు. దాన్ని గొట్టంలోంచి పీల్చి జల్లెడ ఉన్న డబ్బాలో పట్టుకుంటారు. పెద్దదాని కాడ చుట్టూ ఉచ్చు వేసి, బిగిస్తూ కరెంటు పంపితే కాడలోని నాళాలు మాడి మూసుకుని నెత్తురు చిమ్మకుండా తెగుతుంది. న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ ఈ ఉచ్చుతో మొదటిసారి పెద్దపేగు పాలిప్‌ను తీసింది 1969లో. అంతకుముందు ఇంత బుడిపెకు కూడా పొట్ట కోయాల్సి వచ్చేది. ఇప్పుడు మొత్తం ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఇలాంటి ఆసుపత్రుల్లో కొలనోస్కోపీకి ఏడెనిమిది వేల నుంచి పదిహేను వేల దాకా తీసుకుంటారు, పాలిప్ తీస్తే ఇంకొంత.

బుడిపె ఒంట్లోంచి బయటపడ్డ క్షణం నుంచి దాని కణాలు కుళ్లడం మొదలవుతుంది. కాబట్టి నర్సు నిమిషాల్లోనే దాన్ని ఫార్మలిన్ సీసాలో వేస్తుంది. ఫార్మలిన్ పది శాతం అంటారు కానీ అందులో అసలు ఫార్మాల్డిహైడ్ నాలుగు శాతమే. జర్మనీలో ఫెర్డినాండ్ బ్లూమ్ 1893లో దీన్ని క్రిమిసంహారిణిగా పరీక్షిస్తూ, తన వేళ్ల చర్మం గట్టిపడటం గమనించి దీని అసలు ఉపయోగం కనిపెట్టాడు. ముక్కకు కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి ఇంకుతుంది. సీసాలు రెండు, చీటీలు రెండు: పేరు, నంబరు, పేగులో ఏ చోటు. చీటీ మూతకు కాదు, సీసా ఒంటికే అంటించాలి. మూతలు మారిపోతాయి. నర్సు పేరు పైకి చదువుతుంది, టెక్నీషియన్ కేసు షీటులో చూసి అవునంటాడు, అప్పుడే సీసా గది దాటుతుంది.

మర్నాడు ఉదయానికి ముక్కలు బూడిదరంగుకు తిరిగి గట్టిపడి ఉంటాయి. ముక్క పరీక్షల గదిలో మొదటి మజిలీ గ్రాసింగ్, అంటే కంటితో చూసి, కొలిచి, కోయడం. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండకుండా గాలి పీల్చే గూడు కింద కూర్చుని పెద్దదాన్ని స్కేలు మీద పెడతారు. పేగులో 14 మిల్లీమీటర్లున్నది ఇక్కడ 13కు కుంచించుకుంది. కాడ తెగిన అంచుకు నల్ల సిరా రాస్తారు. తర్వాత సూక్ష్మదర్శినిలో ఆ నలుపు కనిపించిన చోటే కోత అంచు. ఆ అంచు దాకా చెడు కణాలు వచ్చాయా లేదా అన్నదే రేపటి ప్రశ్న కాబట్టి కత్తిని తలకాయ నుంచి కాడ వెంబడి నిలువుగా దించుతారు. అడ్డంగా కోస్తే ఆ జవాబు ఎప్పటికీ దొరకదు. ముక్కలు మూడు మిల్లీమీటర్ల మందం మించకూడదు. వాటిని చిల్లుల ప్లాస్టిక్ డబ్బీలో, అంటే క్యాసెట్‌లో పెట్టి నంబరు పెన్సిల్‌తో రాస్తారు. పెన్నుతో రాస్తే ఆల్కహాల్లో కొట్టుకుపోతుంది.

సాయంత్రం ఐదింటికి క్యాసెట్లను టిష్యూ ప్రాసెసర్‌లో వేస్తారు. అది రాత్రంతా ఒంటరిగా పనిచేసే యంత్రం. పన్నెండు పాత్రలు, ఒక్కోదానిలో గంట. ముందు ఫార్మలిన్, తర్వాత 70, 80, 95, 100 శాతం ఆల్కహాళ్లు. ఒక్కసారిగా నీరు లాగేస్తే కణాలు ముడుచుకుపోతాయి, అందుకని మెట్టుమెట్టుగా. ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతులు కావాలి కాబట్టి మన దగ్గర చాలా ల్యాబుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాలే వాడతారు. ఆ తర్వాత జైలీన్, అది ఆల్కహాల్‌ను తోసేసి మైనానికి దారి ఇస్తుంది. చివరి పాత్రల్లో 60 డిగ్రీల దగ్గర కరిగిన పారఫిన్ మైనం. తెల్లవారేసరికి, నీరున్న చోటల్లా మైనం నిండి ఉంటుంది. మైనం నాలుగైదు డిగ్రీలు ఎక్కువ వేడెక్కినా ముక్క పెళుసుబారుతుంది. అందుకే పొద్దున్నే వచ్చినవాళ్లు మొదట చూసేది థర్మామీటరునే.

ఎంబెడింగ్ అంటే ముక్కను మైనపు దిమ్మెలో కూర్చోబెట్టడం. స్టీలు అచ్చులో కొంచెం వేడి మైనం పోసి, చిమటాతో బుడిపెను నిలబెట్టి, సిరా పూసిన కాడ పక్కకు, కోసిన ముఖం కిందికి వచ్చేలా చూస్తారు. మైనం పొర కట్టేలోగా, నాలుగైదు సెకన్లలో, ఇది అయిపోవాలి. పైన క్యాసెట్ అడుగుభాగం పెట్టి నిండా పోసి, సున్నాకు అయిదు డిగ్రీలు తక్కువున్న చల్లపలక మీద పెడతారు. పావుగంటలో దిమ్మె అచ్చు వదిలి ఊడివస్తుంది. దీన్నే బ్లాక్ అంటారు.

కోత చూడటానికి నేను చాలాసేపు నిలబడ్డాను. ఈ ల్యాబులో మైక్రోటోమ్ ముందు కూర్చునే ఆవిడ ఇరవై ఏళ్లకు పైగా ఇదే కుర్చీలో ఉన్నారు. కుర్రవాళ్లంతా 'అక్కా' అంటారు. మైక్రోటోమ్‌కు చక్రం తిప్పే పిడి ఉంటుంది. తిప్పిన ప్రతిసారీ బ్లాకు కిందికి దిగి బ్లేడును ఒరుసుకుంటుంది, పైకి వెళ్లి నాలుగు మైక్రాన్లు ముందుకు జరుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మొదట పదిహేను మైక్రాన్ల మందంతో పైమైనం గీసేసి ముక్క ముఖం పూర్తిగా బయటపడేదాకా వెళతారు, ఇది ట్రిమ్మింగ్. ఇక్కడ ఒక రెండు చుట్లు ఎక్కువ తిప్పితే చిన్న బుడిపె మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది, మళ్లీ తెచ్చుకోవడానికి ఆ మనిషి ఒంట్లో అది లేదు. ఆవిడ చక్రం ఆపి, దిమ్మెను వెలుతురుకు ఏటవాలుగా తిప్పి చూస్తారు. మైనం మెరుస్తుంది, ముక్క మెరవదు. ఆ తేడానే కొలత. "ఇంకొక్క చుట్టు చాలు" అని తనలో తానే అనుకుని, కొత్త బ్లేడు బిగించి, మందం నాలుగుకు మారుస్తారు. ఈ బ్లేడు ఒక్కోటి వంద రూపాయల పైమాటే. ఒకచోట మొద్దుబారితే పక్కకు జరిపి, కొస నుంచి కొసదాకా వాడుకుంటారు.

ఇప్పుడు ఫ్యాను ఆపేస్తారు. మే నెలైనా సరే. బ్లాకును ఐసు మీద కాసేపు పెట్టి, నోటితో ఒక వెచ్చటి ఊపిరి వదిలి, చక్రం ఆగకుండా ఒకే వేగంతో తిప్పుతారు. ఆ ఊపిరి తేమకు పొర చిట్లదు, బ్లేడుకు అంటుకుపోదు. ఒక పొర అంచుకు ఇంకో పొర అతుక్కుంటూ రిబ్బన్ వస్తుంది. సన్న కుంచెతో దాని కొస ఎత్తి, 45 డిగ్రీల వెచ్చటి నీళ్ల తొట్టి మీదికి వాలుస్తారు. పాల మీది మీగడలా ముడతలతో తేలిన పొర ఆ వెచ్చదనానికి మెల్లగా విచ్చుకుని సాపు అవుతుంది. గాజు పలకకు ముందే తెల్లసొన, గ్లిజరిన్ సమపాళ్లలో కలిపి, బూజు పట్టకుండా చిటికెడు థైమాల్ వేసిన జిగురు చిటికెన వేలితో రాసి ఉంచుతారు. పలకను నీళ్లలోకి ఏటవాలుగా ముంచి పొర కిందినుంచి పైకి తీస్తారు. ఒక బ్లాకుకు మూడు లోతుల్లో మూడు పలకలు. ఒక్కో బ్లాకు నుంచి మరో దానికి మారేటప్పుడు తొట్టిలో తేలే తునకలను కాగితంతో తుడిచి తీసేస్తారు. ఒకరి తునక ఇంకొకరి పలకెక్కితే, లేని కేన్సర్ ఉన్నట్టు రిపోర్టు వెళ్లగలదు. ఈ తుడుపును అక్క ఎవరికీ వదిలిపెట్టరు.

పలకలు 60 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంటాయి. పొర గాజుకు అతుక్కుంటుంది, మైనం కరుగుతుంది. మిగిలిన మైనాన్ని జైలీన్ లాగేస్తుంది. ఆల్కహాళ్ల మీదుగా నీళ్లలోకి దించాక పొర కంటికి ఆనదు, ఎందుకంటే దానికి రంగు లేదు.

రంగు వేయడం మధ్య అమెరికా చెట్టుతో మొదలవుతుంది. హెమటాక్సిలిన్ అనే రంగును అక్కడి లాగ్‌వుడ్ చెట్టు చేవ నుంచి తీస్తారు. పటిక కలిపితేనే అది కణాన్ని పట్టుకుంటుంది. ఎనిమిది నిమిషాలు ముంచితే కణాల నడిమి కేంద్రకాలు రంగు తాగుతాయి. ఒక శాతం ఆమ్లం కలిపిన ఆల్కహాల్లో రెండు మూడు మునకలు వేసి, ఎక్కువైన రంగు దులిపేస్తారు. నాలుగు మునకలైతే వెలవెలబోతుంది. తర్వాత కుళాయి నీటి కింద పది నిమిషాలు. ఎర్రగా ఉన్న కేంద్రకాలు కళ్ల ముందే నీలంలోకి తిరుగుతాయి. మన నీళ్లలో ఉన్న కాస్త క్షారమే ఆ పని చేస్తుంది. రెండు నిమిషాలు ఇయోసిన్, దాంతో మిగిలిన కణమంతా గులాబీ. ఈ రెండు రంగుల జతను 1876లో మొదటిసారి వాడారు. ప్రపంచంలో ఏ మూల కేన్సర్ ముక్క చూసినా ఈనాటికీ మొదట చూసేది ఈ నీలం, గులాబీల్లోనే. మళ్లీ ఆల్కహాల్, జైలీన్. పైన ఒక చుక్క డీపీఎక్స్ జిగురు, దాని మీద బుడగ రాకుండా ఒక పక్క నుంచి వాల్చిన పలుచటి గాజు మూత. పలక సిద్ధం.

పాథాలజిస్టు మేడం సూక్ష్మదర్శినిలో మొదట తక్కువ రెట్లు పెద్దది చేసి పలక మొత్తం చూస్తారు. పేగు లోపొరలో గ్రంథులు వరుసగా నిలబడి, జిగురు నిండిన తెల్లటి కణాలతో ఉండాలి. పంతులు పెద్ద బుడిపెలో ఆ తెల్లదనం పోయింది. కేంద్రకాలు ముదురు నీలంగా, సాగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి. దీన్ని అడినోమా అంటారు. ఇంకా కేన్సర్ కాదు, ఆ దారిలో ఉన్నది. కొంత భాగంలో గ్రంథులు గొట్టాల్లా, పాతిక శాతానికి పైన వేళ్లలా లేచి ఉన్నాయి. అంటే ట్యూబ్యులో విల్లస్ రకం. కాడలోకి చెడు కణాలేమైనా దిగాయా అని మేడం మూడు లోతులూ తిప్పి చూస్తారు. దిగలేదు. నల్ల సిరా దగ్గర అంతా మామూలు పొరే. నిన్నటి నిలువు కోత, ఇవాళ్టి ట్రిమ్మింగ్ సరిగ్గా కుదిరాయి కాబట్టే ఆ మాట ధైర్యంగా రాయగలుగుతున్నారు.

మేడం అడగ్గానే అక్క బీరువాలోంచి ఇంకో పలక తెస్తారు. అన్నయ్యది, ఆరేళ్ల కిందటిది, రంగు ఇంకా చెక్కుచెదరలేదు. అదే ఇంటి పేగు, అదే అడినోమా ఒక అంచున మిగిలి ఉంది. కానీ దాని కింద గ్రంథులు గోడను చీల్చుకుని, కండర పొర దాటి కొవ్వులోకి చేరాయి. ఆ రోజు పేగుతో వచ్చిన కొవ్వునంతా ఈ గదిలోనే వేళ్లతో నలుపుతూ వెతికితే 16 లింఫ్ గ్రంథులు దొరికాయి. కనీసం 12 చూడాలన్నది నియమం. వాటిలో రెండింట్లో కేన్సర్ ఉంది. అందుకే మూడో దశ, అందుకే రెండు వారాలకొకటి చొప్పున 12 కీమోలు. చన్నీళ్లు తాకితే వేళ్లు జివ్వుమనేవని, అరికాళ్లలో తిమ్మిరి ఇప్పటికీ పోలేదని అన్నయ్య చెబుతాడు. ఐదేళ్ల గడువు దాటి ఆరోగ్యంగా ఉన్నాడు, పొలానికి వెళుతున్నాడు. అందరికీ ఆ అదృష్టం దక్కదు. అమెరికా లెక్కల ప్రకారం పేగు గోడ దాటకముందే దొరికితే వందలో సుమారు 90 మంది ఐదేళ్ల తర్వాత బతికి ఉంటారు, దూరపు అవయవాలకు పాకాక దొరికితే 15 మంది. రెండు పలకల మధ్య ఉన్నది ఈ తేడానే.

పాలిప్ తీసేస్తే నిజంగా మరణాలు తగ్గుతాయా అన్న ప్రశ్నకు అమెరికాలోని నేషనల్ పాలిప్ స్టడీ 2012లో జవాబిచ్చింది: అడినోమాలు తీయించుకున్నవాళ్లలో పెద్దపేగు కేన్సర్ మరణాలు, మామూలు జనాభాలో ఉండాల్సినదానికంటే 53 శాతం తక్కువ. అక్కడ ఇంట్లో ఎవరికీ లేకపోయినా 45 ఏళ్లకు పరీక్ష మొదలుపెట్టమని 2021 నుంచి చెబుతున్నారు. మన దేశంలో ప్రభుత్వం ముప్పై దాటినవాళ్లకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల పరీక్షలు పెట్టింది కానీ పెద్దపేగుకు అలాంటి కార్యక్రమం లేదు. కాబట్టి ఇక్కడ అడగాల్సింది మనమే. కొలనోస్కోపీ అందరికీ అందదంటే మలంలో కంటికి కనబడని నెత్తుటిని పట్టే ఫిట్ అనే పరీక్ష ఉంది. పొడి తాగక్కర్లేదు, మత్తు లేదు, చిన్న సీసాలో ఇస్తే చాలు. ఏటా చేయించుకోవాలి, నెత్తురుందని వస్తే కొలనోస్కోపీ తప్పదు. ఇంట్లో కేన్సర్ వచ్చినవాళ్లున్నా, నెత్తురు కంటికే కనబడుతున్నా మాత్రం నేరుగా కొలనోస్కోపీకే వెళ్లాలి.

నాలుగో రోజు మధ్యాహ్నం రిపోర్టు వస్తుంది. రెండు సీసాలకు కలిపి రెండు వేల రూపాయలకు అటూఇటూ. చిన్నది ట్యూబ్యులర్ అడినోమా, పెద్దది ట్యూబ్యులో విల్లస్ అడినోమా, తక్కువ స్థాయి మార్పులు, కాడ అంచు శుభ్రం, కేన్సర్ లేదు. చిన్నవి ఒకటి రెండే ఉంటే ఏడు నుంచి పదేళ్ల దాకా ఆగొచ్చు. పది మిల్లీమీటర్లు దాటినది, వేళ్ల ఆకారం ఉన్నది దొరికింది కాబట్టి పంతులు మూడేళ్లకే మళ్లీ రావాలని డాక్టరు తేదీ రాసిస్తారు. "మరి చెల్లాయి సంగతి?" అని అన్నయ్య అడుగుతాడు. ఆవిడకు నలభై నాలుగు. డాక్టరు డైరీ తిరగేసి వచ్చే గురువారం ఉదయం ఖాళీ చూపిస్తారు, ఒక పొడి ప్యాకెట్, తినకూడనివాటి చీటీ అన్నయ్య చేతికే ఇస్తారు.